మరొక్క యేడు గడువు
(క్రైస్తవుల నూతన సంవత్సరారాధన: పుట్టుక, అర్థము)

— బి.యస్సి. తుది సంవత్సరం విద్యార్థి

సంవత్సరం ఎప్పుడు మొదలవుతుందని మా ఊళ్ళో అడిగి చూడండి, మనిషికొక జవాబు చెబుతారు. పెద్దవాళ్ళు ఉగాది అంటారు. అరక కట్టేవాళ్ళు ఏరువాక అంటారు. సొసైటీలో అప్పు తీసుకున్నవారికి మార్చి 31తో ఒక యేడు పోయి ఏప్రిల్ 1తో ఇంకొకటి వస్తుంది. మాబోటి విద్యార్థులకు పరీక్షలు గడిచి మళ్ళీ క్లాసులు మొదలైన నాడే సంవత్సరాది. ఇన్ని సంవత్సరాదులున్న మన మధ్య జనవరి 1కి ప్రత్యేకత ఏముంది? గోడకు కొట్టిన మేకు అదే, దానికి తగిలించే కేలండరు మారుతుంది, అంతే.

అయినా డిసెంబరు 31 రాత్రి మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఏ ఊరి చర్చి చూసినా దీపాలు వెలుగుతూ ఉంటాయి. తొమ్మిదికో పదికో కూడిక మొదలవుతుంది. కీర్తనలు, సాక్ష్యాలు, పాపపు ఒప్పుకోలు, ప్రసంగం అయ్యేసరికి అర్ధరాత్రి కావస్తుంది. పన్నెండు కావడానికి కొద్ది నిమిషాల ముందు అందరూ మోకరిస్తారు. గంట కొట్టగానే లేచి ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకుంటారు. కొన్ని సంఘాలలో ప్రభుబల్ల సంస్కారం కూడా ఆ వేళే జరుగుతుంది.

మాది వ్యవసాయ కుటుంబం, చర్చికి వెళ్ళే కుటుంబం కూడా. అందుచేత హాస్టల్ మిత్రులు నన్ను తరచు అడుగుతుంటారు: "ఇది మీ బైబిల్లో ఎక్కడున్నది? సంవత్సరం చివర పశ్చాత్తాపపడి, మర్నాటి నుంచి మళ్ళీ మామూలే అయితే ఆ ఆరాధన వల్ల ఏం ప్రయోజనం?" రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటి దానికి జవాబు చిన్నది: బైబిల్లో ఎక్కడా లేదు. రెండవదానికి జవాబు చెప్పాలంటే కొంచెం చరిత్రా, కొంచెం తోటపనీ తెలియాలి. ఈ వ్యాసంలో నా ప్రయత్నం అదే.

జనవరి ఒకటి ఎక్కడిది?

జనవరి 1 రోము వారిది. క్రీ.పూ. 153 నుండి రోములో కాన్సల్ అనే అధికారులు ఆ రోజున పదవి స్వీకరించేవారు. ఆ నెలకు పేరిచ్చిన జానస్ దేవునికి రెండు ముఖాలు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు. ఆ రోజున కానుకలు, విందులు, తాగుడు, వేషాలు విస్తారంగా సాగేవి. తొలినాటి క్రైస్తవ గురువులకు ఈ పండుగ ఏమాత్రం గిట్టలేదు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగర బిషప్పు అగస్టీను (354–430) ఆ రోజున ప్రసంగిస్తూ, లోకం కానుకలు పంచుకునే వేళ మీరు బీదలకు దానం చేయండనీ, లోకం తాగే వేళ మీరు ఉపవాసం ఉండండనీ తన సంఘానికి బోధించాడు. ఇప్పటి ఫ్రాన్సులోని టూర్ నగరంలో 567లో కూడిన బిషప్పుల సభ కూడా జనవరి మొదటి దినాలలో పాత రోమను ఆచారాలకు బదులు ప్రార్థనలు జరపాలని విధించింది.

మరి క్రైస్తవుల సంవత్సరాది ఏది? సంఘ పంచాంగం ప్రకారం క్రిస్మసుకు ముందు వచ్చే నాలుగు ఆదివారాలలో మొదటిదానితో, అనగా ఆగమన కాలంతో, సంవత్సరం మొదలవుతుంది. ఇంగ్లండులో 1751 వరకు ప్రభుత్వ లెక్కల్లో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. దేవదూత మరియమ్మకు శుభవార్త చెప్పిన పండుగ అది. 1752 నుండి మాత్రమే వారు జనవరి 1కి మారారు. క్రిస్మసు నుండి లెక్కపెడితే జనవరి 1 ఎనిమిదవ రోజు. శిశువుకు ఎనిమిదవ నాడు సున్నతి చేసి యేసు అని పేరు పెట్టారని లూకా సువార్త రెండవ అధ్యాయం చెబుతుంది. కాబట్టి పాత సంఘాలలో జనవరి 1 నామకరణ పండుగే కాని కొత్త సంవత్సరపు పండుగ కాదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఆ తేదీలో ఏ మహిమా లేదని క్రైస్తవ సంప్రదాయమే ఒప్పుకుంటుంది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే గాలి మారదు, మనిషి మారడు. మరి ఆ రాత్రికి విలువ ఎలా వచ్చింది?

బొగ్గు గనివాళ్ళ జాగరణ

జర్మనీలోని సాక్సనీలో హెర్న్‌హూట్ అనే చిన్న ఊరున్నది. మతహింసకు తాళలేక మొరేవియా నుండి పారిపోయి వచ్చిన క్రైస్తవులు అక్కడ స్థిరపడ్డారు. సంవత్సరం చివరి రాత్రి మేలుకొని ప్రార్థించే కూడిక వారిలో 1733లో మొదలైందని చెబుతారు. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ (1703–1791) 1738లో ఆ ఊరు వెళ్ళి వారితో కొన్నాళ్ళు గడిపాడు.

అయితే ఇంగ్లండులో ఈ ఆచారానికి ప్రాణం పోసింది వెస్లీ కూడా కాదు, బ్రిస్టల్ నగరం దగ్గర కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల కూలీలు. అంతకుముందు వాళ్ళ శనివారపు రాత్రులు తాగుడు అంగళ్ళలో గడిచేవి. వెస్లీ బోధ విన్నాక వారిలో కొందరు అదే రాత్రి, అదే మేలుకోవడం ప్రార్థనకు వాడుకున్నారు. ఇది తగదని, మానిపించమని కొందరు వెస్లీకి చెప్పారు. ఆయన విచారించి చూసి, మానిపించకపోగా తానే ముందుండి నడిపించాడు. 1742లో లండనులోనూ మొదలుపెట్టాడు.

ఇక్కడొక సంగతి నాకు చాలా నచ్చింది. మొదట్లో ఈ జాగరణ కూడిక ఏడాదికొకసారి కాదు, నెలకొకసారి. అదీ పౌర్ణమికి దగ్గరలో వచ్చే శుక్రవారం రాత్రి. కారణం ఏ వేదాంతమూ కాదు. దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేటప్పుడు దారికి వెన్నెల ఉండాలని! మన పల్లెల్లో వెన్నెల రాత్రులు చూసుకుని భజనలు, వీధి నాటకాలు పెట్టుకోవడం తెలిసినవాళ్ళకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. క్రమంగా నెలనెలా జరిగేది పోయి, ఏడాది చివరి రాత్రి ఒక్కటే మిగిలింది.

వెస్లీ మరొక ఆరాధనను కూడా స్థిరపరిచాడు. దాని పేరు నిబంధన ఆరాధన. 1755 ఆగస్టు 11న లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఒక చర్చిలో సుమారు 1,800 మంది లేచి నిలబడి, ఇక మీదట తమ జీవితం దేవునికి చెందినదని సమ్మతి తెలిపారు. పని అప్పగించినా సరే, పక్కన కూర్చోబెట్టినా సరే, నిండుగా ఉన్నా సరే, వట్టిగా ఉన్నా సరే నేను నీవాణ్ణే అని చెప్పడం దాని సారాంశం. కాలక్రమేణా అది కూడా కొత్త సంవత్సరం రోజులలోకి వచ్చి చేరింది.

మనకూ దానితో సంబంధం ఉన్నది. తెలంగాణలో మెదక్ ప్రాంతమంతా వెస్లియన్ మెథడిస్టు మిషను పని జరిగిన చోటు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చి వారు కట్టించినదే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టులు కూడా అందులో కలిశారు. ఆ విధంగా నిబంధన ఆరాధన దక్షిణ ఇండియా సంఘపు ఆరాధన క్రమాలలో ఒకటైంది.

ఈ చరిత్రలో గమనించవలసిన విషయం ఒక్కటే. గనివాళ్ళు తేదీని చూసి మారలేదు. వాళ్ళు మారారు కనుక వాళ్ళ రాత్రి మారింది.

మారుమనస్సు అనే మాట

తెలుగు బైబిల్లో ఒక చక్కని మాటున్నది: మారుమనస్సు. మనం మామూలుగా వాడే మాట పశ్చాత్తాపం. రెండూ ఒకటి కావు. పశ్చాత్తాపమంటే పని జరిగిపోయాక మనసులో పుట్టే వేడి. మారుమనస్సు అంటే మనసే మారిపోవడం. మూలమైన గ్రీకు పదం మెటనోయియాకు సరిగ్గా ఆ అర్థమే. పాత నిబంధనలోని హీబ్రూ మాట ఇంకా నాటుగా ఉంటుంది. షూబ్ అంటే వెనుదిరుగు. దారి తప్పినవాడు రోడ్డు పక్క కూర్చుని ఎంత ఏడ్చినా ఊరు చేరడు. లేచి, వెనక్కి తిరిగి, నడవాలి.

పల్లెటూరి ఉదాహరణ చెబుతాను. పొలం గట్టు సంగతి రైతుబిడ్డలందరికీ తెలుసు. ఏటా దుక్కి దున్నేటప్పుడు పక్కవాడి వైపు జానెడు గట్టు చెక్కుకుంటూ పోయేవాళ్ళుంటారు. పదేళ్ళకు రెండు మూడు సాళ్ళు కలిసి వస్తాయి. అటువంటి మనిషి డిసెంబరు 31 రాత్రి కన్నీళ్ళతో ప్రార్థించవచ్చు. ఆ కన్నీళ్ళు నిజమైనవే కావచ్చు. కాని తెల్లవారాక గట్టు ఎక్కడున్నది? అదే ప్రశ్న. పొరుగువాని సరిహద్దు రాయిని జరపరాదని మోషే ధర్మశాస్త్రంలో (ద్వితీయోపదేశకాండము 19) స్పష్టంగా ఉన్నది. పలుగూ పారా తీసుకుని గట్టును వెనక్కి జరిపినప్పుడు దాని పేరు మారుమనస్సు. జరపనప్పుడు దాని పేరు తాపం మాత్రమే.

ఇది నేను కల్పించిన కఠినమైన లెక్క కాదు. బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరకు జనం వచ్చి మేమేం చెయ్యాలని అడిగితే, ఆయన ఒక్కొక్కరికి వారి వారి వృత్తిని బట్టి చెప్పాడు (లూకా 3). రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలి. సుంకం వసూలు చేసేవాళ్ళు నిర్ణయించిన దానికంటే ఎక్కువ పుచ్చుకోరాదు. సైనికులు ఎవరినీ బెదిరించి గుంజుకోరాదు, జీతంతో తృప్తిపడాలి. మరి మనం అడిగితే ఏం చెప్పేవాడో? తూకం రాళ్ళ గురించి, కూలి లెక్కల గురించి, కట్నం గురించి, కాపీ చీటీల గురించి కూడా చెప్పేవాడనే నేననుకుంటాను.

సుంకరి జక్కయ్య కథ అందరికీ తెలిసినదే (లూకా 19). యేసు తన ఇంటికి వచ్చాక అతడు లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా ఎవరి దగ్గర తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. గొర్రెను దొంగిలించినవాడు నాలుగు గొర్రెలివ్వాలన్నది పాత ధర్మశాస్త్రంలోని నియమం. జక్కయ్య తనకు తానే ఆ శిక్ష వేసుకున్నాడు.

యూదుల ఆచారమూ ఇదే చెబుతుంది. వాళ్ళ సంవత్సరాది మన భాద్రపద ఆశ్వయుజాల ప్రాంతంలో వస్తుంది. ఆ రోజు నుండి పదవ రోజు ప్రాయశ్చిత్త దినం. ఈ పది రోజులూ పశ్చాత్తాప దినాలు. మనిషికీ దేవునికీ మధ్యనున్న తప్పులను ప్రాయశ్చిత్త దినం తుడిచివేస్తుంది గాని, మనిషికీ మనిషికీ మధ్యనున్న తప్పులను, ఆ రెండవ మనిషిని సమాధానపరచే వరకు తుడవదని వారి పెద్దలు తీర్పు చెప్పారు. కొండమీది ప్రసంగంలో యేసు బోధ కూడా ఇటువంటిదే: బలిపీఠం దగ్గర కానుక అర్పించబోతూ, సోదరుడికి నీ మీద ఏదో ఉన్నదని గుర్తుకు వస్తే, కానుక అక్కడే పెట్టి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు. అనగా ఆరాధనను మధ్యలో ఆపి అయినా సరే వెళ్ళాలన్న మాట.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. "క్షమాపణ దేవుని కృప, ఉచితం అని చర్చిలో చెబుతారు కదా, మళ్ళీ ఈ నాలుగింతల బేరం ఏమిటి?" ఇది బేరం కాదు. జక్కయ్య డబ్బు తిరిగి ఇచ్చాక యేసు అతనింటికి రాలేదు. ముందు వచ్చాడు, ఆ తరువాతే అతడి పెట్టె తెరుచుకుంది. తిరిగి ఇవ్వడం క్షమాపణకు ధర కాదు, క్షమాపణ నిజంగా లోపలికి దిగిందనడానికి గుర్తు. విత్తనం మొలిచిందో లేదో మట్టి పైకి చూసే కదా చెబుతాం!

కాయని చెట్టు, అడిగిన గడువు

కొత్త సంవత్సరపు ఆరాధనలో తరచుగా ప్రసంగించే ఉపమానం లూకా 13లోని కాయని అంజూరపు చెట్టు. ఒకాయన ద్రాక్షతోటలో అంజూరపు చెట్టు నాటించాడు. మూడేళ్ళుగా వచ్చి చూస్తున్నాడు, ఒక్క పండూ లేదు. భూమి వృథా అవుతోంది, నరికెయ్యమన్నాడు. తోటమాలి అడ్డుపడ్డాడు. ఈ ఒక్క యేడూ ఉండనిమ్మని, తాను చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని, అప్పటికీ కాయకపోతే నరికించమని బతిమాలాడు. కథ అంతే. చెట్టు కాసిందో లేదో యేసు చెప్పలేదు.

చర్చిలో ఈ కథ విన్నప్పుడు రైతుకు వెంటనే తట్టేవి కొన్ని ఉన్నాయి. మొదటిది, యజమాని అన్న మాటలో అన్యాయం లేదు. అంజూరం కొమ్మ నాటితే సామాన్యంగా రెండు మూడేళ్ళలో కాపు మొదలవుతుంది. పైగా ద్రాక్షకు పనికివచ్చే నేలలో అది నీరూ సారమూ తాగుతున్నది. నష్టం చెట్టుతో పోదు, పక్కనున్న తీగలకూ తగులుతుంది. మన తప్పులూ అంతే, మనతోనే ఆగిపోవు.

రెండవది, తోటమాలి చెట్టుకు ఉపదేశమేమీ చెయ్యలేదు. పాదు తవ్వుతానన్నాడు. మేం వృక్షశాస్త్రంలో చదువుకున్నదీ ఇదే. వేళ్ళు కూడా గాలి పీలుస్తాయి. నేల గట్టిపడి బిగుసుకుపోతే వేళ్ళకు ప్రాణవాయువు అందదు, నీరు లోపలికి దిగదు, పోషకాలున్నా చెట్టు తీసుకోలేదు. అందుకని ముందు మట్టిని గుల్ల చెయ్యాలి, ఆ తరువాత మాగిన పెంట వెయ్యాలి. తవ్వకుండా పైన పోసిన ఎరువు ఎండకు ఎండి వానకు కొట్టుకుపోతుంది. నూతన సంవత్సరపు ప్రసంగాలు చాలాసార్లు ఇట్లా పైన పోసిన ఎరువే అవుతాయి. తవ్వేటప్పుడు కొన్ని పీచు వేళ్ళు తెగుతాయి కూడా. చెట్టుకు అది సుఖమైన పని కాదు.

మూడవది, గడువు అడిగినవాడే కష్టాన్నీ తన నెత్తిన వేసుకున్నాడు. క్రైస్తవులు ఆ తోటమాలిలో క్రీస్తును చూస్తారు. కాబట్టి కొత్త సంవత్సరమంటే మన ప్రతిజ్ఞలకు దొరికిన బహుమానం కాదు, మన కోసం మరొకరు అడిగి తెచ్చిన గడువు. బ్యాంకులో గడువు పొడిగించడం, బాకీ మాఫీ చెయ్యడం వేరు వేరని రైతులకు బాగా తెలుసు. గడువు దొరికినవాడు పండుగ చేసుకోవచ్చు, తప్పులేదు. కాని మర్నాడు పొలానికి వెళ్ళాలి.

ఈ ఉపమానానికి ముందున్న మాటలు కూడా చదవాలి. పిలాతు చంపించిన గలిలయవాళ్ళ గురించి కొందరు యేసుకు చెప్పారు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిన సంగతి ఆయనే ఎత్తాడు. వాళ్ళు మిగతావాళ్ళ కంటే పాపులని ఆ కష్టం వచ్చిందనుకుంటున్నారా, కాదు అని ఆయన ఖండితంగా చెప్పాడు. పోయిన ఏట పంట పోయినవాడు, పరీక్ష తప్పినవాడు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాడు ఆ రాత్రి చర్చిలో కూర్చుని "నా పాపం వల్లనే" అని కుమిలిపోతుంటే, వానికి ఈ మాట చెప్పాలి. మారుమనస్సు అందరికీ కావలసిందే. కాని కష్టాన్ని కొలబద్దగా పెట్టి ఎవడెంత పాపి అని తేల్చే అధికారం ఎవరికీ లేదు.

ఒంగోలు కొండ మీద

ఇప్పుడు మన నేల మీద జరిగిన ఒక కొత్త సంవత్సరారాధన గురించి చెబుతాను. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో 1840లో మిషను స్థాపించారు. పన్నెండు పదమూడేళ్ళైనా చెప్పుకోదగ్గ ఫలితం కనపడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన వారి సభలో, ఈ తెలుగు మిషనును ఎత్తివేద్దామా అన్న చర్చ వచ్చింది. పటం మీద ఒకే ఒక్క చుక్కగా ఉన్నందువల్ల దీనికి ఒంటరి నక్షత్రమని పేరు. చివరకు ఉంచుదామనే నిర్ణయించారు. కాయని చెట్టుకు గడువు దొరికినట్టే.

1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థించారు. అదే సంవత్సరం ఎవరూ రాలేదు. మరుసటి యేడూ రాలేదు. జాన్ క్లౌ అనే ఆయన ఒంగోలు చేరింది 1866లో. పన్నెండు కొత్త సంవత్సరాలు వచ్చి వెళ్ళిపోయాయి!

క్లౌ వచ్చిన కొత్తలోనే గట్టి పరీక్ష ఎదురైంది. మాదిగ కులస్థుడైన ఎర్రగుంట్ల పేరయ్య, ఆయనతోటివారు విశ్వాసంలోకి వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు చెప్పారు. వారి పిల్లలే అప్పుడు బడికి ఆధారం. క్లౌ దంపతులు లేఖనం చూసుకుని, లోకంలో బలహీనులైనవారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న పౌలు మాట దగ్గర నిలబడ్డారు. పేరయ్య వారిని వదలలేదు. మారుమనస్సు ఒక్క మనిషి గుండెలో మాత్రమే జరిగేది కాదు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాంట్లో కూడా తేలుతుంది. ఈ విషయంలో మన సంఘాలకు ఈనాటికీ తవ్వవలసిన పాదులు ఉన్నాయని ఒప్పుకోవాలి.

తరువాత 1876–78 నాటి మహా కరువు. క్లౌ సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి చూపించాడు. ఆ కాలంలో బాప్తిస్మమిమ్మని ఎందరో అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వచ్చిన మారుమనస్సు గింజలతోనే పోతుందని భయం. కరువు తగ్గాక, ఇక పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ సంఖ్యను అందరూ చెప్పుకుంటారు. దానికి ముందు ఆయన వద్దన్న నెలలే నాకు గొప్పగా తోస్తాయి.

నిరీక్షణ అంటే ఎదురుచూపు

ఆశకు తెలుగు బైబిల్లో వాడిన మాట నిరీక్షణ. వాడుకలో నిరీక్షణ అంటే ఎదురుచూడడం. ఈ మాట ఎంచిన అనువాదకులకు నమస్కరించాలి. ఆశ ఒక్క పూటలో పుట్టవచ్చు, ఒక్క పూటలో పోవచ్చు. నిరీక్షణకు సంవత్సరాలు పడుతుంది.

ఈ మధ్య కొన్ని చోట్ల ఆరాధన ముగిశాక వాగ్దానపు కార్డులు పంచుతారు. ఎవరి చేతికి ఏ వాక్యం వస్తే అదే ఆ ఏటి వాగ్దానమని దాచుకుంటారు. ఇందులో భక్తి ఉన్నది, కాదనను. కాని అది రాశిఫలాలు చూసుకోవడంలాగా మారితే ప్రమాదం. అందరికీ ఇష్టమైన వాక్యం యిర్మీయా 29లోనిది, మేలు కలిగించే ఉద్దేశాలు గురించినది. అది ఎవరికి రాసిన ఉత్తరం? బబులోనుకు చెరపట్టుకుపోయిన వారికి. డెబ్బై ఏళ్ళ తరువాత గాని విడుదల లేదని అదే ఉత్తరంలో ఉన్నది. అంతవరకు ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని కూడా ఉన్నది. ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది ఆ విడుదలను కళ్ళతో చూడలేదు.

ఆ యిర్మీయాయే మరొక పని చేశాడు (32వ అధ్యాయం). యెరూషలేము చుట్టూ శత్రు సైన్యం ముట్టడి వేసి ఉన్నది. ఆయన స్వయంగా ఖైదులో ఉన్నాడు. ఆ సమయంలో అనాతోతులోని పినతండ్రి కొడుకు పొలాన్ని పదిహేడు తులాల వెండి ఇచ్చి కొన్నాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, దస్తావేజు రెండు ప్రతులూ మట్టికుండలో పెట్టి భద్రపరిపించాడు. రేపు శత్రువు చేతికి పోబోయే భూమికి ఈరోజు రొక్కం చెల్లించి రిజిస్ట్రేషన్! ఆ దేశంలో మళ్ళీ పొలాలు అమ్మడం కొనడం జరుగుతుందనడానికి అది గుర్తు. భూమి విలువ తెలిసినవాడికి ఇంతకన్నా గట్టి నిరీక్షణ చూపించలేం.

మరొక రాత్రి గురించి చెప్పి ఈ భాగం ముగిస్తాను. 1862 డిసెంబరు 31న అమెరికాలో నల్లజాతివారు చర్చిలలో చేరి తెల్లవార్లూ ఎదురుచూశారు. తిరుగుబాటు చేసిన రాష్ట్రాలలోని బానిసలకు విముక్తి ప్రకటిస్తూ అధ్యక్షుడు లింకన్ 1863 జనవరి 1న ఉత్తర్వు చేయవలసి ఉంది. బానిసగా పుట్టి తప్పించుకుని మహావక్తగా పేరొందిన ఫ్రెడరిక్ డగ్లస్ జనవరి 1న బోస్టన్ నగరంలో ఒక సభలో తంతి వార్త కోసం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాడు. వార్త వచ్చింది. అయినా ఆ ఒక్క కాగితంతో అందరి సంకెళ్ళూ తెగలేదు. యుద్ధం ఇంకా రెండేళ్ళకు పైగా సాగింది. దేశమంతటా బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణ 1865 డిసెంబరులో గాని అమలుకు రాలేదు. ఆనాటి జ్ఞాపకంగా కూడా అక్కడి నల్లజాతి సంఘాలు ఈ జాగరణ రాత్రిని నేటికీ ఆచరిస్తున్నాయి.

జనవరి రెండు

ఇప్పుడు మిత్రుల రెండవ ప్రశ్నకు వద్దాం. ఒక్క రాత్రి పశ్చాత్తాపపడి, మర్నాటి నుంచి మామూలే అయితే ఏం ప్రయోజనం? ఏమీ లేదు. ఆ మాట బయటివాళ్ళు అనకముందే ప్రవక్తలు అన్నారు, యోహాను అన్నాడు, యేసు అన్నాడు. అందుచేత ఈ ఆరాధనను కొలవవలసింది జనవరి 1న కాదు, జనవరి 2న. అప్పుడు ఏ గట్టు వెనక్కి జరిగింది, ఏ బాకీ తీరింది, మాటల్లేని ఏ అన్నదమ్ములు ఒక పంక్తిలో కూర్చున్నారు అని చూడాలి.

విద్యార్థులమైన మనకు పొలాలు లేకపోవచ్చు. కాని మన గట్లు మనకున్నాయి. తీసుకుని తిరిగి ఇవ్వని పుస్తకం, మెస్సులో మిగిలిన బాకీ, మరొకడి లెక్కలు చూసి రాసిన రికార్డు, మొదటి సంవత్సరం కుర్రవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసిన సాయంత్రం, ఊరి నుంచి డబ్బు పంపే తండ్రికి చెప్పిన అబద్ధపు ఖర్చు. వీటికి నివారణ ఏ మతం వారికైనా ఒకటే, ఆ మనిషి దగ్గరకు నడిచి వెళ్ళడం. క్రైస్తవ విశ్వాసం దానికి చేర్చే మాట ఏమిటంటే, అలా వెళ్ళగల ధైర్యం నీ ఒక్కడి బలం మీద ఆధారపడలేదు, నీ కోసం గడువు అడిగినవాడు పార పట్టుకుని నీతోపాటు తోటలోనే ఉన్నాడు.

ఆ అంజూరపు చెట్టు కాసిందా, నరికేశారా? లూకా రాయలేదు. యేడు తిరిగేసరికి ఎవరి తోటలో వారు చూసుకోవలసిందే.